ఒడ్డు నెర్రె ఇచ్చింది

పాలమూరు కూలీల గుంపుతో నేను మొదటిసారి పనిచేసింది తొంభైల చివర్లో, హైదరాబాద్ శివార్లలో ఒక డ్రైనేజీ లైను మీద. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేతికి రాగానే ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజరుగా చేరాను. కాలనీల మురుగును తీసుకెళ్లి నాలా పక్కనున్న పెద్ద లైనులో కలపాలి. రెండున్నర మీటర్ల పొడుగుండే హ్యూమ్ పైపులు. మురుగు తనంతట తాను పల్లానికి పారాలి గనక, లైను ముందుకు పోయేకొద్దీ కాలువ లోతవుతూ పోతుంది. మొదట్లో నడుములోతు, తర్వాత నిలువులోతు, ఆఖరి మ్యాన్‌హోల్ దగ్గరికొచ్చేసరికి నాలుగు మీటర్లు దాటింది. వెడల్పు మాత్రం మీటరున్నర లోపే. పైనుంచి తొంగిచూస్తే లోపల వంగి పనిచేసేవాళ్ల తలలకు చుట్టుకున్న తువ్వాళ్లే కనబడేవి.

గుంపు మేస్త్రిది మక్తల్ వైపు ఊరు. యాభై దాటిన మనిషి. వాళ్ల నాయన నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ రాతి ఆనకట్ట అలాంటి వేలమంది నెత్తిమీదా భుజాలమీదా లేచినదే. ఈయన కూడా కర్ణాటక, మహారాష్ట్ర కాలువల మీద మట్టి తవ్వుతూ పెరిగాడు. దసరా వెళ్లాక ఊళ్లో పని ఉండదు. పెద్ద మేస్త్రి ఎవరో అడ్వాన్సు ఇస్తాడు, ఆడా మగా కలిసి సంకలో పిల్లలతో బస్సెక్కుతారు. ఎక్కడ పెద్ద ప్రాజెక్టు కట్టినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటుందని ఇంజినీర్లు మెచ్చుకుంటూ చెప్పుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఆ మెచ్చుకోలు వెనక ఎండిన పొలాలున్నాయి, తీరని అప్పులున్నాయి. వాటిని కూడా కలిపి చెప్పుకోవాలి.

ఆయన పొద్దున్నే చాయ్ తాగకముందే కాలువ ఒడ్డు పొడుగునా ఒకసారి నడిచి వచ్చేవాడు. చేతిలో కట్టె. నేలను అక్కడక్కడా పొడిచేవాడు. అడుగునుంచి ఒక గడ్డ తెప్పించి పిడికిట్లో పిసికి, వేళ్లు విప్పి చూసేవాడు. మొరం అయితే ఏమీ అనేవాడు కాదు. ఈ సైటులో మాత్రం ఆయన ముఖం ఎప్పుడూ ముడుచుకునే ఉండేది. ఆ భూమి ఒకప్పుడు చెరువు శిఖం. ఏళ్ల తరబడి లారీలతో ఇళ్ల శిథిలాలు, చెత్త, ఎక్కడెక్కడి మట్టో తెచ్చి పోసి ఎత్తుచేశారు. పైన రెండు మీటర్లు ఆ పూడ్చిన మట్టి, కింద నల్లటి చెరువు ఒండ్రు, ఆ రెంటి మధ్య నుంచి సన్నగా ఊట. "ఇది పుట్టిన నేల గాదు సారూ, పోసిన నేల. దీనికి పట్టు ఉండది," అన్నాడు నాతో మొదటి రోజే.

ఆ మాటలో ఉన్న శాస్త్రం నాకు తర్వాత తెలిసింది. వేల ఏళ్లు కదలకుండా పడున్న మట్టిలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టిలో ఆ పట్టు ఉండదు. పాత పైపులైను పక్కన తవ్వినా, పూడ్చిన చెరువులో తవ్వినా, పాత సెప్టిక్ ట్యాంకు పక్కన తవ్వినా ప్రమాదం ఎక్కువవుతుంది. నల్లరేగడి తీరు ఇంకొకటి. ఎండలో రాయిలా నిలబడి, చూసేవాడికి ధైర్యం ఇస్తుంది. లోపల నెర్రెలుంటాయి. వాన పడితే నీళ్లు ఆ నెర్రెల్లోకి దిగి, మట్టిని ఉబ్బించి, పెళ్లలు పెళ్లలుగా తోసేస్తాయి. నెట్టు మట్టినుంచే కాదు, నెర్రెలో నిలిచిన నీటినుంచి కూడా వస్తుంది.

షోరింగ్ (ఒడ్లు కూలకుండా చెక్కలతో బిగించడం) సంగతి నేను మొదటి వారంలోనే ఎత్తాను. కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టు షరతుల్లో రక్షణ నియమాలు ఉన్నాయి, వాటిని పాలిటెక్నిక్‌లో మాకు చెప్పారు. ఒకటిన్నర మీటరు దాటిన కాలువ పక్కల్ని వాలుగానో మెట్లుగానో కోయాలి, లేదంటే చెక్కలతో గట్టిగా బిగించాలి. తవ్విన మట్టిని ఒడ్డుకు కనీసం ఒకటిన్నర మీటరు అవతల పోయాలి, లోతులో సగం అంతకంటే ఎక్కువైతే అంత దూరంలో. లోతు 1.2 మీటర్లు దాటితే ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన, ఒడ్డు పైకి ఇంకా నిలబడేంత పొడుగుది. కింద తొలిచి పైమట్టిని కూలేలా తవ్వకూడదు. మా సైటులో వీటిలో ఏదీ లేదు. వీధి ఇరుకు, ఒక పక్క ఇళ్ల ప్రహరీలు, వాలుగా కోయడానికి చోటు లేదు. చోటు లేనప్పుడు చెక్కలు తప్పవు.

కాంట్రాక్టరు చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మాటమాటా గుర్తుంది. "రెండ్రోజుల్లో పైపు వేసి పూడ్చేస్తాం. నువ్వు చెక్కలు బిగించేలోపు పైపే పడిపోతుంది." అసలు సంగతి రేటులో ఉంది. తవ్వకానికి ఘనపు మీటరు లెక్కన రేటు ఇస్తారు. షోరింగ్ ఖర్చు ఆ రేటులోనే కలిసి ఉందని షరతుల్లో ఒక వాక్యం రాస్తారు. అంటే చెక్కలు వాడిన కాంట్రాక్టరుకీ వాడని కాంట్రాక్టరుకీ ఒకటే బిల్లు. వాడనివాడికి మిగులు. టెండరులో తక్కువ కోట్ చేసి పని దక్కించుకున్నవాడు మొదట కోసేది ఆ చెక్కల్నే. నేను సైటు ఆర్డరు బుక్కులో రాశాను, పై ఇంజినీరు చేత సంతకం పెట్టించాను. చెక్కలు రాలేదు.

ఆ అక్టోబరులో తుపాను వాన పట్టుకుంది. ఒక రాత్రంతా కురిసి తెల్లవారుజామున తెరిపిచ్చింది. మోటారు పెట్టి కాలువలో నీళ్లు తోడారు. మేస్త్రి ఎప్పట్లాగే కట్టె పట్టుకుని నడిచాడు. ఒకచోట ఆగి నన్ను పిలిచాడు. ఒడ్డుకి మోకాలంత దూరంలో, ఒడ్డుకు సమాంతరంగా, నేలమీద సన్నటి గీత. కట్టె కొస దాంట్లో పెడితే మూరెడు దిగింది. దాని అవతలే తవ్విన మట్టి గుట్ట, వాన తాగి బరువెక్కి కూర్చుంది. "ఒడ్డు నెర్రె ఇచ్చింది సారూ. ఇయ్యాల ఎవరూ దిగొద్దు," అన్నాడు. నేను కాంట్రాక్టరు పోరుమన్‌కి చెప్పాను, బుక్కులో రాశాను. పైపుల లారీ వచ్చి నిలబడింది. పైపులు దింపే చైన్ పుల్లీ రోజు అద్దెది. పోరుమన్ తల పంకించాడు. మేస్త్రి అవతలి కొసన మోటారు దగ్గరికి వెళ్లాడు, నేను లెవెల్ దగ్గరికి వెళ్లాను. ఈలోపు పైపుల జాయింటు కూరడానికి ముగ్గురు కుర్రాళ్లని పోరుమన్ లోపలికి దింపాడు. "ఒక్క కాలరే, కూరేసి వచ్చెయ్యండి" అని.

నా దగ్గరున్నది పాత డంపీ లెవెల్. దాంట్లో బొమ్మ తలకిందులుగా కనబడుతుంది. అవతలి ఒడ్డుకు దూరంగా ఒక దిమ్మె మీద స్టాఫ్ పట్టించి రీడింగు చూస్తున్నాను. ఆ తలకిందుల బొమ్మలో స్టాఫ్ వెనకున్న మట్టి గుట్ట మెల్లగా పైకి లేచింది. పైకి లేవడమేమిటని కన్ను తీసేలోపు ధబ్ మని ఒక్క చప్పుడు. పెద్ద శబ్దం కూడా కాదు. దుమ్ము లేవలేదు, తడి మట్టి కదా. నాలుగైదు మీటర్ల పొడుగున ఒడ్డు ఉన్నపళాన లేదు.

ఒక కుర్రాడు మ్యాన్‌హోల్ వైపు ఉండబట్టి ఎగబాకి బయటపడ్డాడు. ఒకడు రొమ్ము దాకా కూరుకుపోయి, పైపుకు ఆనుకుని, తల వెనక్కి వాల్చి ఉన్నాడు. మూడోవాడు కనబడలేదు.

ఆ తర్వాత జరిగింది నేను వివరంగా చెప్పాలి. ఇలాంటి చోట ప్రాణాలు రెండోసారి పోయేది అప్పుడే. ఆడవాళ్లు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చారు. జేసీబీ డ్రైవరు మంచి మనసుతోనే బండి స్టార్టు చేసి బకెట్ ఎత్తాడు. మరో ఇద్దరు కుర్రాళ్లు దూకబోయారు. మేస్త్రి అవతలి కొసనుంచి ఆ వయసులో ఎలా పరుగెత్తాడో, జేసీబీ ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "బండి బంద్ చెయ్! బంద్ చెయ్!" ఒక కుర్రాడి చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. "ఉన్నోళ్లను గూడ పూడుస్తవారా? ఎదురొడ్డు సుత నెర్రె మీదుంది, కానొస్తలేదా?" లారీని వెనక్కి పొమ్మన్నాడు. మోటారు ఒక్కటి మాత్రం ఆపొద్దన్నాడు, నీళ్లు చేరితే మట్టి బురదవుతుందని.

పక్కనే ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారు. "సెంట్రింగ్ చెక్కలు, బాదులు తెండ్రి!" అని అరిచాడు. ఇంటాయన మారుమాట లేకుండా విప్పి ఇచ్చాడు. నిలువుగా చెక్కలు దింపి, అడ్డంగా బాదులు పెట్టి, మధ్యలో రెండు జాకీలు బిగించారు. ఎదుటి ఒడ్డు నిలిచాకే సన్నగా ఉన్న ఇద్దర్ని లోపలికి పంపాడు. పార వద్దు, గునపం వద్దు. చేతులు, తట్టలు, రేకు పళ్లాలు. రొమ్ము దాకా ఉన్నవాడి ముఖానికి అడ్డంగా మొదట ఒక చెక్క పెట్టించాడు, పైనుంచి మట్టి రాలితే నోట్లో పడకుండా. తర్వాత రొమ్ము చుట్టూ మట్టి తీయమన్నాడు. ఎవరో చంకల కింద తాడు వేసి లాగుదామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "లాగితే సగం మనిషే వస్తడు."

ఆ కుర్రాడు ఒక్కో మాటే పలుకుతున్నాడు. మాటకీ మాటకీ మధ్య చాలాసేపు పట్టేది. ఎందుకో ఆనాడు నాకు అర్థం కాలేదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ రొమ్ము కాస్త లోపలికి పోతుంది, ఆ ఖాళీలోకి మట్టి చేరుతుంది. మళ్లీ పీల్చుకుందామంటే రొమ్ము విచ్చుకోవడానికి చోటు ఉండదు. ముఖం బయటే ఉంటుంది, చుట్టూ గాలి ఉంటుంది, అయినా మనిషి ఊపిరాడక పోతాడు. ఒక ఘనపు మీటరు తడిమట్టి రెండు టన్నుల దాకా తూగుతుంది. డెబ్బై అయిదు కిలోల వడ్ల బస్తాలు పాతిక పైన ఒకేసారి మీద పడ్డట్టు. నడుములోతు కాలువేగా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి. జాయింటు కూరడానికి మోకాళ్లమీద కూర్చున్నవాడికి నడుములోతు కాలువే తల దాటుతుంది.

మధ్యాహ్నానికి అతన్ని బయటికి తీశారు. బతికాడు. లేచి కూర్చుని నీళ్లడిగాడు, ఇంక బాగానే ఉన్నాడనుకున్నారు అందరూ. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని పట్టుబట్టింది అప్పటికి వచ్చిన ఫైరింజన్ సిబ్బందిలో ఒకాయన. ఆ పట్టుదలే అతన్ని కాపాడింది. గంటల తరబడి మట్టికింద నలిగిన కండరాల్లోని విషపదార్థాలు, బరువు తీసేయగానే రక్తంలోకి వచ్చిపడతాయి. మూత్రపిండాలు దెబ్బతింటాయి, గుండె లయ తప్పుతుంది. అతనికి డయాలిసిస్ చేయాల్సి వచ్చింది. అదే రోజు ఇంటికి పంపేసి ఉంటే ఆ రాత్రే పోయేవాడని డాక్టరు చెప్పాడు.

మూడో కుర్రాడిని సాయంత్రం తీశారు. పెళ్లయి ఏడాది కాలేదు. ఒడ్డున తట్టలు అందుకుంటున్నవాళ్లలో అతని భార్య ఉంది. మట్టి తీసేటప్పుడు కూడా ఆమె తట్ట వదల్లేదు. ఎవరు చెప్పినా పక్కకు పోలేదు.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. మట్టిపెళ్లలు విరిగిపడి కూలీ మృతి, మరొకరికి గాయాలు, ప్రమాదవశాత్తు జరిగిన ఘటన. ఆ "ప్రమాదవశాత్తు" అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. నెర్రె కట్టెకు మూరెడు దిగిందని ఒక మనిషి చెప్పాడు, బుక్కులో రాసి ఉంది. అది యాదృచ్ఛికం ఎలా అవుతుంది? పంచనామాలో ఇంకో మాట చేర్చబోయారు: కూలీల అజాగ్రత్త వల్ల. దానికి నేను సంతకం పెట్టనన్నాను.

కాంట్రాక్టరు మనుషులు ఊరెళ్లి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఏదో డబ్బు మాట్లాడారు, తెల్లకాగితం మీద చనిపోయిన కుర్రాడి భార్య వేలిముద్ర వేయించుకున్నారు. అప్పుడు యూనియన్‌లో పనిచేసే ఒక పెద్దాయన మేస్త్రికీ నాకూ చట్టం చదివి వినిపించాడు. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ప్రకారం మరణానికి ఇచ్చే పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమచేయాలి. చేతికిచ్చి కాగితం రాయించుకుంటే అది పరిహారం చెల్లించినట్టు కాదు. పైగా పని చేయించుకున్న అసలు యజమాని, కూలీని కాంట్రాక్టరు తెచ్చుకున్నాడు కాబట్టి నాకు సంబంధం లేదని తప్పించుకోవడానికి వీల్లేదు. ఈ రెండు సంగతులు నూరేళ్ల కిందటి చట్టంలోనే ఉన్నాయి, మన ఊళ్లలో తెలిసినవాళ్లు బహు తక్కువ. ఆ అమ్మాయి తరఫున కేసు వేశారు. నేను వెళ్లి వాంగ్మూలం ఇచ్చాను, ఆర్డరు బుక్కు నకలు ఇచ్చాను. ఆ ఉద్యోగం పోయింది, పోనీ. తీర్పు రావడానికి చాలా కాలం పట్టింది, కానీ ఆమెకు న్యాయంగా రావాల్సిన మొత్తం వచ్చింది. అప్పటికే 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది, పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల మధ్య వయసుండి ఏడాదిలో తొంభై రోజులు పనిచేసిన ప్రతివాళ్లూ పేరు నమోదు చేయించుకోవచ్చని అందులో రాశారు. ఆ కుర్రాడి పేరు ఎక్కడా లేదు. మస్టరు రోల్‌లో కూడా లేదు. అతను అక్కడ పనిచేశాడని నిరూపించడానికే సగం కాలం పోయింది.

తర్వాత నేను దుబాయి వెళ్లాను. అక్కడా డ్రైనేజీ పనే, సముద్రానికి దగ్గర్లో. ఇసుక నేల, రెండడుగులు తవ్వితే నీళ్లు. ముందు నేల నిండా సన్నటి గొట్టాలు దించి భూగర్భజలాన్ని తోడేస్తారు. రెండు పక్కలా ఇనుప పలకలు దిగ్గొట్టి, మధ్యలో దూలాలు బిగించాకే తవ్వకం. కాలువ మొదట్లో ఒక బోర్డు, దానిమీద ఆ రోజు తేదీ, తనిఖీ చేసినవాడి సంతకం. పచ్చ చీటీ ఉంటే దిగొచ్చు, ఎర్ర చీటీ ఉంటే కంపెనీ యజమాని వచ్చి చెప్పినా దిగరు. లోతు గుంతల్లోకి మనిషికంటే ముందు విషవాయువు కొలిచే మీటరు దిగుతుంది. పొద్దున పని మొదలుపెట్టేముందు హిందీలో, తెలుగులో అయిదు నిమిషాలు మాట్లాడతారు, ఇవాళ నేల ఎలా ఉంది, ఎక్కడ జాగ్రత్త అని. గల్ఫ్‌లో అంతా సవ్యంగా ఉందని నేననను. పాస్‌పోర్టులు లాక్కోవడం చూశాను. వేసవిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం ఉన్నా, ఎండదెబ్బకు పడిపోయినవాళ్లనూ చూశాను. కాలువల విషయంలో మాత్రం నేను పనిచేసిన చోట నియమం నియమంగానే ఉండేది.

అక్కడ నాతో పనిచేసినవాళ్లలో సగం మంది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపువాళ్లు. నిచ్చెన లేకుండా ఒక్కడూ కాలువలో కాలు పెట్టేవాడు కాదు. వాళ్లలో ఒకతను సెలవుకు ఇంటికొచ్చినప్పుడు నేనూ ఊళ్లోనే ఉన్నాను, వెళ్లి కలిశాను. పక్కింటివాళ్లకు సెప్టిక్ ట్యాంకు గుంత తవ్వుతున్నాడు. రెండు నిలువులు దిగాడు, చుట్టూ ఒక్క చెక్క లేదు, పైకి రావడానికి ఒక తాడు. ఇదేంది తమ్మీ అన్నాను. తల పైకెత్తి నవ్వాడు. "అక్కడ దిగితే పంపిస్తరు అన్నా. ఇక్కడ దిగకుంటే పంపిస్తరు."

కూలీల అజాగ్రత్త అని ఎవరన్నా అంటే నేను ఈ మాటే చెబుతాను. అదే మనిషి, అవే చేతులు. దిగనని చెప్పే హక్కు ఒకచోట ఉంది, ఒకచోట లేదు. మా మేస్త్రికి మట్టి గురించి ఏ ఇంజినీరుకూ తీసిపోని తెలివి ఉంది. ఆ తెలివికి పని ఆపే అధికారం లేదు. ఆ అధికారం పైపుల లారీ అద్దె లెక్కపెట్టేవాడి దగ్గర ఉంది.

తిరిగొచ్చాక తెనాలి వైపు ఒక నీటిపథకంలో రక్షణ అధికారిగా చేరాను. చేరేముందే రెండు షరతులు పెట్టాను. షోరింగ్‌ను తవ్వకం రేటులో కలపకుండా విడిగా కొలిచి విడిగా బిల్లు ఇవ్వాలి. పని ఆపమని నేను గానీ మేస్త్రి గానీ చెబితే, ఆగిన రోజు కూలి పోకూడదు. మొదటి షరతుకే పెద్ద యుద్ధమైంది. లెక్క వేసి చూపించాను. కోస్తాలో సరుగుడు తోటలకు కొదవ లేదు, బాదులు చవక. అవే చెక్కలు, అవే బాదులు కాలువ ముందుకు జరిగేకొద్దీ విప్పి మళ్లీ వాడుకోవచ్చు. విడిగా కొలత ఇస్తామనేసరికి కాంట్రాక్టరే చెక్కలు తెచ్చి గుట్ట పోశాడు. వాడితే డబ్బొస్తుంది మరి.

చెక్కలు బిగించడం ఒక పనితనం. అక్కడి సెంట్రింగ్ మేస్త్రి శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు, ఆయన దగ్గర నేనూ నేర్చుకున్నాను. పైనుంచి కిందికి బిగిస్తూ దిగాలి. మీటరు తవ్వు, బిగించు, మళ్లీ మీటరు. మొత్తం తవ్వేసి తర్వాత బిగిద్దామనుకుంటే బిగించేవాడే పోతాడు. మట్టికి ఆనించి నిలువు చెక్కలు, వాటి మీద అడ్డంగా దూలం, ఎదురెదురు దూలాల మధ్య ఆనింపు బాదులు, బాదు కొసన చెక్క చీల కొట్టి బిగించడం. నీరూరే చోట చెక్కకీ చెక్కకీ సందు ఉండకూడదు, సందులోంచి మట్టి కారిపోయి వెనక డొల్ల పడుతుంది. విప్పేటప్పుడు కిందినుంచి పైకి, మట్టి పూడుస్తూ పూడుస్తూ విప్పాలి. తొందరపడి బాదులన్నీ ఒకేసారి పీకినప్పుడు కూలిన కాలువలున్నాయి. ఆయన రోజూ పొద్దున్నే చిన్న సుత్తితో ఒక్కో బాదూ తట్టి వినేవాడు. బిగువుగా ఉన్నది టక్కుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. "ఇది నిద్రపోయింది బాబూ, చీల కొట్టాలి," అనేవాడు.

ఆ ఏడు నవంబరులో అక్కడా ఒక రాత్రి కుండపోత. తెల్లారి వెళ్లేసరికి నల్లరేగడి ఉబ్బి చెక్కల్ని లోపలికి నెట్టింది, ఒక బాదు విల్లులా వంగింది. చెక్కలు ఇంకా బిగించని కొస మీద మూడు మీటర్ల ముక్క రాత్రే కూలి కాలువ నిండిపోయింది. ఆ కొసన తాళ్లు కట్టి ఎర్రగుడ్డలు వేలాడదీసి ఉన్నాయి, ఎవరినీ దింపలేదు. మేస్త్రి నన్ను చూసి "ఇవాళ పని లేదు బాబూ" అన్నాడు. అందరికీ కూలి పడింది. ఒడ్డుమీద భారం తగ్గించడానికి మట్టి గుట్టను దూరంగా తోయించి, పైనుంచి కొత్త బాదులు దింపి బిగించారు. ఎండ కాసి నేల తేరుకున్నాక మళ్లీ దిగారు. ఆ పథకం పూర్తయ్యేదాకా కాలువల్లో మనిషి పోలేదు. నేను చేసిన అన్ని ఉద్యోగాల్లోకీ నాకు గర్వంగా ఉన్నది అదే.

ఈ మధ్య మా కాలనీలో నీటి పైపు కోసం వీధి తవ్వారు. ఇంటిముందు జేసీబీ చప్పుడు వినబడి వెళ్లాను. జార్ఖండ్ నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు, ఇరవై కూడా ఉండవు, తల మునిగే లోతులో ఉన్నారు. ఒడ్డునే మట్టి గుట్ట, పక్కన పాత డ్రైనేజీ పైపు చెమ్మగిల్లి ఉంది. అంటే అది పూడ్చిన నేల. వాళ్లను హిందీలో పైకి రమ్మన్నాను. వర్క్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, చదువుకున్న కుర్రాడే. "పది నిమిషాల పని సార్," అన్నాడు. కట్టెపుల్ల ఒకటి తీసి ఒడ్డున ఉన్న నెర్రెలోకి దించి చూపించాను. అతను వంగి చూశాడు, ఏమీ అనలేదు. మా వీధి చివర సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే దుకాణం ఉంది, అక్కడికి ఫోన్ చేయించాను. ఆటోలో చెక్కలు, నాలుగు జాకీలు, ఒక నిచ్చెన వచ్చాయి. ఎలా బిగించాలో ఆ పిల్లలకు తెలియదు, ఇన్‌స్పెక్టరుకూ తెలియదు. నేను ఒడ్డున నిలబడి చెబుతుంటే ముగ్గురూ కలిసి బిగించారు. పైపు ఆ సాయంత్రం కాలేదు, మర్నాడు అయింది. ఆ ఇన్‌స్పెక్టరు తర్వాత ఫోన్ చేసి, విడిగా బిల్లు పెట్టాలంటే ఎస్టిమేట్‌లో ఆ ఐటమ్ ఎలా రాయాలి సార్ అని అడిగాడు. రాసి పంపించాను.